ఐదు గడుల పట్టిక: యువ ట్రయాథ్లెట్ సీజన్ తొలి పోటీని ఎలా చదవాలి?

ట్రయాథ్లాన్ పోటీ ముగిశాక వచ్చే ఫలితాల పట్టికలో ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా ఐదు గడులు ఉంటాయి. ఈత, ఈత నుంచి సైకిలుకు మారడం, సైకిలు, సైకిలు నుంచి పరుగుకు మారడం, పరుగు. చివర మొత్తం సమయం, అన్నిటికన్నా ముందు స్థానం. కొత్త సీజన్‌లో తొలి పోటీ ముగించుకుని వచ్చిన పిల్లను ఇంట్లోవాళ్లు అడిగేది ఆ స్థానం గురించే. ‘చలికాలమంతా నాలుగున్నరకే లేచి వెళ్లావు కదమ్మా, ఇరవై ఒకటో స్థానమా?’ అని తల్లి నొచ్చుకోవడంలో వింత లేదు. పరుగుపందెమో ఈతపోటీయో అయితే ఆ అంకె చాలావరకు నిజమే చెప్పేది. ట్రయాథ్లాన్‌లో మాత్రం ఒక గడిలో జరిగిన చిన్న పొరపాటు మరో గడిలో పెద్ద నష్టంగా తేలుతుంది కాబట్టి, స్థానాన్ని చూసి సాధన బాగుందనో లేదనో తేల్చడం దాదాపు ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది.

ఒక వరుసను ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవే అయినా జూనియర్ మహిళల పోటీల్లో కనిపించే తరహావే. స్ప్రింట్ దూరం, అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఈతను 10 నిమిషాల 24 సెకన్లలో ముగించింది. మొదటి మార్పిడికి 1 నిమిషం 4 సెకన్లు, సైకిలుకు 32 నిమిషాల 55 సెకన్లు, రెండో మార్పిడికి 27 సెకన్లు, పరుగుకు 17 నిమిషాల 58 సెకన్లు పట్టాయి. మొత్తం గంటా 2 నిమిషాల 48 సెకన్లు. పరుగు గడిని మాత్రమే విడిగా చూస్తే ఆమెది ఆ రోజు ఆరో వేగవంతమైన పరుగు. ఆరో పరుగు పరుగెత్తిన అమ్మాయి ఇరవై ఒకటో స్థానంలో ఎందుకు తేలింది?

ఈ ప్రశ్నలోకి వెళ్లేముందు ఒక చిక్కుముడి విప్పాలి. మన దగ్గర ట్రయాథ్లాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఐరన్‌మ్యాన్. 1978లో హవాయిలో పదిహేను మందితో మొదలై, 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగుగా స్థిరపడిన పోటీ అది. దానిలో సగం దూరం ఉండే పోటీ 2019 నుంచి గోవాలో జరుగుతోంది కాబట్టి, హైదరాబాద్, బెంగళూరుల నుంచి వెళ్లే ఉద్యోగులు, వైద్యులు, వ్యాపారుల ద్వారా ఆ పేరు మన ఇళ్లలోకీ వచ్చింది. ఆ పోటీల్లో సైకిలు మీద ఒకరి వెనుక ఒకరు దగ్గరగా తొక్కడం నిషిద్ధం. నిర్ణీత దూరం పాటించకపోతే పెనాల్టీ పడుతుంది. యువ క్రీడాకారులు పాల్గొనే ఒలింపిక్ తరహా పోటీ ఇందుకు పూర్తిగా వేరు. 1995 నుంచి ఎలైట్, అంటే అగ్రశ్రేణి, పోటీల్లో ముందు సైకిలు చాటున తొక్కడాన్ని, అంటే డ్రాఫ్టింగ్‌ను, అనుమతించారు. 2000లో సిడ్నీలో ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టినప్పుడూ ఈ పద్ధతిలోనే జరిగింది. పేరు ఒకటే, ఆటలు రెండు. మొదటి దానిలో ప్రత్యర్థి గడియారం, రెండో దానిలో గుంపు.

ఆ అమ్మాయి పట్టికను గుంపు లెక్కలోనే చదవాలి. ముందు గుంపులో చిట్టచివరగా నీటి నుంచి బయటికొచ్చిన అమ్మాయి ఈత సమయం 10 నిమిషాల 2 సెకన్లు అనుకుందాం. తేడా 22 సెకన్లు. మొదటి మార్పిడిలో మరో 6 సెకన్లు పోయాయి. అంటే సైకిలెక్కేసరికి ముందు గుంపు తోక 28 సెకన్ల దూరంలో ఉంది. చదునైన తిన్నని దారి అయితే కంటికి కనబడేంత దూరమే. ఆ దూరాన్ని పూడ్చడం ఎందుకంత కష్టమో గాలి చెబుతుంది.

సైకిలు గంటకు 35 కిలోమీటర్లు దాటాక తొక్కేవారి శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. దాన్ని ఎదిరించడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. 35 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషి 38కి చేరాలంటే, కంటికి మూడు కిలోమీటర్ల తేడాయే కనిపించినా, కాళ్లు దాదాపు 28 శాతం ఎక్కువ శక్తి ఇవ్వాలి. అదే 38 కిలోమీటర్ల వేగంతో పోయే గుంపులో, ముందు చక్రానికి అడుగు దూరంలో నక్కి తొక్కే అమ్మాయికి గాలి భారం మూడో వంతు వరకు తగ్గుతుంది. ఒంటరిగా 35లో తొక్కేవారు పడే కష్టంతోనే, ఒక్కోసారి అంతకంటే తక్కువ కష్టంతోనే, ఆమె 38లో వెళుతుంది. 20 కిలోమీటర్ల దూరానికి ఈ తేడాను లెక్కగడితే 38లో 31 నిమిషాల 35 సెకన్లు, 35లో 34 నిమిషాల 17 సెకన్లు. ఒకే బలమున్న ఇద్దరి మధ్య 2 నిమిషాల 42 సెకన్ల అంతరం ఇలా పుడుతుంది. ఈతలో 22 సెకన్లు ఆలస్యమైనందుకు పడే శిక్ష ఇది.

మన ఉదాహరణలోని అమ్మాయికి పూర్తి శిక్ష పడలేదు. వెనుక మరో ముగ్గురు దొరికారు. నలుగురూ వంతులవారీగా ముందుకొచ్చి గాలిని మోస్తే కొంతైనా పూడ్చగలిగేవారు. అయితే తొలి పోటీల్లో పిల్లల మధ్య ఆ ఒప్పందం కుదరదు. ఒకరు తన వంతు వచ్చినప్పుడు మరీ గట్టిగా తొక్కి మిగతావారిని తెంచేస్తారు, ఇంకొకరు పరుగు కోసం కాళ్లు దాచుకుని అసలు ముందుకే రారు. సైకిలు గడిలో ముందు గుంపు కంటే నిమిషం 20 సెకన్లు అదనంగా పడ్డాయి. పరుగు మొదలయ్యేసరికి మొత్తం తేడా నిమిషం 48 సెకన్లు. ఇదే అమ్మాయి ముందు గుంపుతో కలిసి వెళ్లి, ఇదే పరుగు పరుగెత్తి ఉంటే గంటా 1 నిమిషంలో ముగించేది. సామర్థ్యం అదే, స్థానం మాత్రం మొదటి పదిలో ఉండేది కావచ్చు. డ్రాఫ్టింగ్ వల్ల ట్రయాథ్లాన్ ‘స్నానం చేసి పరుగెత్తే పోటీ’గా దిగజారిందని పాతకాలం వారు వెటకారం చేస్తుంటారు. నా మటుకు నాకు అది అన్యాయంగా తోస్తుంది. గుంపులో తొక్కడం కూడా నైపుణ్యమే, మలుపులో ముందు చక్రానికి తగలకుండా వాలడం, ఎవరు అలసిపోయారో భుజాలు చూసి కనిపెట్టడం ఏ వ్యాయామశాలా నేర్పదు.

ఇక ఆ 22 సెకన్ల సంగతి. ఈతకొలనులో ఆమె సమయం చలికాలంలో మెరుగుపడే ఉంటుంది. కొలనులో లేన్ల తాళ్లు ఉంటాయి, అడుగున నల్లని గీత ఉంటుంది, ప్రతి 25 లేదా 50 మీటర్లకు గోడ దొరుకుతుంది. సరస్సులోనో సముద్రంలోనో ఇవేవీ ఉండవు. పోటీదారులు తేలియాడే వేదిక మీద వరుసగా నిలబడి, ఒక్క కూతతో దూకుతారు. కొన్ని వందల మీటర్ల దూరంలో ఉన్న మొదటి బోయా, అంటే మలుపు చూపే తేలియాడే గుర్తు, దగ్గరికి అందరూ ఒకేసారి చేరుతారు. అక్కడ మోచేతులు ముఖాలకు తగులుతాయి, ఎవరి చేయో కళ్లద్దాలను లాగేస్తుంది, వెనుకవారు కాళ్ల మీదికెక్కుతారు. మలుపు దగ్గర నాలుగు క్షణాలు తటపటాయించిన అమ్మాయి ముందున్న పాదాలను పోగొట్టుకుంటుంది. నీటిలోనూ ముందువారి పాదాల వెనుక ఈదితే శ్రమ తగ్గుతుంది కాబట్టి, ఆ పాదాలు పోగానే మిగతా దూరమంతా సొంత బలంతో ఈదాల్సిందే. నాలుగు సెకన్లు అలా ఇరవై రెండు అవుతాయి.

మరో సంగతి ఉంది. ఆ వేదిక మీద ఎవరు ఎక్కడ నిలబడాలన్నది చీట్లు తీసి నిర్ణయించరు. పోటీ నంబర్ల వరుసలో ఒక్కొక్కరినీ పిలుస్తారు, పిలిచినవారు తమకు నచ్చిన చోటు ఎంచుకుంటారు. నంబర్లు ర్యాంకింగ్‌ను బట్టి వస్తాయి. ఒకటో నంబరు అమ్మాయి బోయాకు దగ్గరి దారి ఉన్న చోట నిలబడుతుంది, పక్కన మంచి ఈతగత్తెలు చేరుతారు. నలభైయో నంబరుకు మిగిలేది ఎవరూ కోరని చివరి చోటు. కిందటి సీజన్ ఫలితాలు ఈ సీజన్ మొదటి నిమిషంలోకి ఇలా చొరబడతాయి.

ర్యాంకింగ్ వ్యవస్థ గురించి కూడా కొంత తెలియాలి. 1989లో ఏర్పడి 2020లో వరల్డ్ ట్రయాథ్లాన్‌గా పేరు మార్చుకున్న అంతర్జాతీయ సమాఖ్య పోటీలను మెట్లుగా అమర్చింది. కింద ఖండస్థాయి కప్పులు, వాటిపైన ప్రపంచ కప్పులు, అన్నిటికంటే పైన ప్రపంచ ఛాంపియన్‌షిప్ సిరీస్. సిరీస్ పోటీ విజేతకు 1000 పాయింట్లు వస్తే రెండో స్థానానికి 925, అంటే ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఏడున్నర శాతం చొప్పున తగ్గుతూ పోతాయి. పోటీదారుల సంఖ్యకు పరిమితి ఉంటుంది కనుక, పాయింట్లు లేనివారికి పైమెట్టు పోటీలో చోటు దొరకదు, చోటు దొరకనివారికి పెద్ద పాయింట్లు రావు. పైగా క్రీడాకారులు సొంతంగా పేరు నమోదు చేసుకోలేరు, దేశ సమాఖ్యే పంపాలి. అందుకే అనుభవమున్న కోచ్‌లు సీజన్ ఆరంభంలో యువ క్రీడాకారులను పెద్ద పేరున్న పోటీకి కాకుండా, పోటీ తక్కువగా ఉండే ఖండస్థాయి పోటీకి తీసుకెళతారు. చూసేవారికి వెనకడుగులా కనిపించినా అక్కడ సంపాదించే ఒక్కో పాయింటూ వేదిక మీద ఒక్కో చోటు ముందుకు జరుపుతుంది.

వయసు వర్గాలు మరో మెలిక. ఈ క్రీడలో వయసును పోటీ జరిగే రోజున కాక, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి లెక్కిస్తారు. 2007 డిసెంబరు 28న పుట్టిన అమ్మాయికీ 2008 జనవరి 3న పుట్టిన అమ్మాయికీ నిజానికి ఆరు రోజులే తేడా. 2027 సీజన్ మొదలయ్యేసరికి మాత్రం మొదటి అమ్మాయి జూనియర్ వర్గం దాటిపోయి ఇరవై మూడేళ్ల లోపు వర్గంలో చేరుతుంది, రెండో అమ్మాయికి జూనియర్‌గా మరో ఏడాది మిగిలి ఉంటుంది. జూనియర్లది స్ప్రింట్ దూరం. పైవర్గం ప్రపంచ పోటీల్లో దూరం రెట్టింపు: 1.5 కిలోమీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు. క్యాలెండర్ మారిన ఒక్క రాత్రిలో మొదటి అమ్మాయి గంట పోటీ నుంచి రెండు గంటల పోటీకి మారింది. అలాంటి ఏడాది తొలి ఫలితాన్ని నిరుటి ఫలితంతో పోల్చి బాధపడటం అర్థం లేని పని.

మార్పిడి గడుల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు గానీ, మొదటి దానిలో పోయిన ఆరు సెకన్లను ఒకసారి దగ్గరి నుంచి చూడాలి. అమ్మాయి నీటి నుంచి పరుగెత్తుకొచ్చి ఈత టోపీ, కళ్లద్దాలు తన పెట్టెలో పడేస్తుంది. పెట్టె బయట పడితే శిక్ష. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద బకిల్ బిగించకముందే స్టాండు నుంచి సైకిలు తీస్తే అదీ తప్పే. బూట్లు ముందే పెడళ్లకు తగిలించి ఉంటాయి, అవి తలకిందులు కాకుండా రబ్బరు బ్యాండ్లతో సైకిలు చట్రానికి కట్టి ఉంచుతారు. సైకిలును పక్కన నడిపిస్తూ ఉత్తకాళ్లతో గీత దాటేదాకా పరుగెత్తి, దాటాక ఎగిరి కూర్చుని మొదటి తొక్కు తొక్కగానే బ్యాండ్లు టప్పున తెగుతాయి. చలికాలంలో మూడు నెలలు ఇండోర్ ట్రైనర్ మీద, అంటే సైకిలును కదలకుండా నిలిపే పరికరం మీద, తొక్కిన పిల్లలకు ఎగిరి కూర్చోవడమే మరిచిపోయినంత పనవుతుంది. తడిచేతులకు బకిల్ ఓ పట్టాన కుదరదు. ఆరు సెకన్లు పోవడానికి ఇంతకంటే ఏం కావాలి? యూరప్‌లో వసంతకాలపు పోటీలకు వెట్‌సూట్, అంటే చల్లని నీటిలో ఒంటికి బిగుతుగా వేసుకునే రబ్బరు దుస్తులు, విప్పే పని కూడా తోడవుతుంది. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు చేరితే ఎలైట్లకు ఈ దూరాల్లో వెట్‌సూట్ నిషిద్ధం, అంతకంటే చల్లగా ఉంటే వేసుకోవచ్చు. వెట్‌సూట్ ఒంటిని తేల్చి ఉంచుతుంది కాబట్టి బలహీనమైన ఈతగాళ్ల లోపాలు చల్లని నీటి తొలి పోటీల్లో కొంత కప్పబడి, వేసవిలో బయటపడతాయి.

చివరి గడి పరుగు. ఆరో వేగవంతమైన పరుగు చూసి ‘పరుగు బాగుంది, ఇంకా పెంచుదాం’ అని ఉత్సాహపడటమే తొలి పోటీ తర్వాత జరిగే అసలు ప్రమాదమని నేననుకుంటాను. ఈత, సైకిలు గుండెనూ ఊపిరితిత్తులనూ బాగా పెంచుతాయి, ఎముకలను మాత్రం పెద్దగా పెంచవు. నీరు మోస్తుంది, సైకిలు మోస్తుంది. పరుగులో ఒక్కో అడుగుకు నేల నుంచి ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి వస్తుంది. నిమిషానికి 180 అడుగుల చొప్పున 18 నిమిషాల పరుగులో 3,240 తాకిళ్లు. చలికాలపు సాధనతో గుండె కొన్ని వారాల్లోనే సిద్ధమవుతుంది. ఎముక తన పాత కణజాలాన్ని తొలగించి కొత్తది కట్టుకోవడానికి ఒక్కో విడతకు మూడు నాలుగు నెలలు తీసుకుంటుంది. గుండె వెళ్లగలనన్న వేగానికి పిక్క ముందు ఎముక సిద్ధంగా ఉండదు. యువ ట్రయాథ్లెట్లకు పిక్క ఎముకల్లో, పాదాల్లో సన్నని పగుళ్లు సీజన్ తొలి నెలల్లో వచ్చే సందర్భాలకు ఈ అంతరం ఒక ముఖ్య కారణం. ఎదుగుదల ఉధృతంగా ఉండే రెండేళ్లలోనే, అంటే ఆడపిల్లలకు దాదాపు పన్నెండేళ్ల, మగపిల్లలకు పద్నాలుగేళ్ల ప్రాంతంలో, పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు పావు వంతు చేరుతుంది. ఆ వయసులో తిండి చాలకపోతే ఆ లోటు తర్వాతి సీజన్లలో బయటపడుతుంది.

తిండి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం దాచకుండా చెప్పాలి. రోజుకు రెండు పూటలా సాధన చేసే అమ్మాయికి ఖర్చుకు తగ్గ తిండి అందకపోతే శరీరం ముందుగా ఆపేసేవాటిలో నెలసరి ఒకటి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ శక్తి లోటు పరిస్థితికి ప్రత్యేకంగా పేరు పెట్టి, ఎముకలు, హార్మోన్లు, రోగనిరోధక శక్తి మీద దాని ప్రభావాన్ని వివరించింది. నెలసరి ఆగడం కఠిన సాధనకు గుర్తని కొందరు పొరబడతారు. అది వైద్యుణ్ని కలవాల్సిన సంకేతం. మన ఇళ్లలో తల్లితోనే చెప్పుకోవడానికి మొహమాటపడే సంగతిని మగ కోచ్‌తో చెప్పమంటే పిల్ల ఎలా చెబుతుంది? సీజన్ మొదలయ్యేముందు ఆ మాట అడగడానికి ఒక పెద్దావిడ ఉండటం, ఖరీదైన చక్రాల కంటే ఎక్కువ పనికొస్తుంది.

పట్టిక చదవడం ఎంత తేడా తెస్తుందో చూపడానికి బ్రిటన్‌కు చెందిన అలెక్స్ యీ మంచి ఉదాహరణ. 1998లో పుట్టిన యీ, 2017 జూన్‌లో ఇటలీలోని కాలియరిలో జరిగిన ప్రపంచ కప్పు పోటీలో సైకిలు మీద నుంచి పడి పక్కటెముకలు, వెన్నుపూసలు విరగ్గొట్టుకున్నాడు, ఊపిరితిత్తి కూడా కుప్పకూలింది. మరుసటి ఏడాది ట్రాక్ మీద 10,000 మీటర్లను 28 నిమిషాల లోపు పరుగెత్తి బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. అంటే పరుగు గడి అతనికి అప్పటికే నిండింది. 2019 మార్చిలో అబుదాబిలో సీజన్ తొలి సిరీస్ పోటీ, అదే అతనికి సిరీస్‌లో తొలి పోటీ కూడా. స్ప్రింట్ దూరంలో స్పెయిన్‌కు చెందిన మారియో మోలా తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. 28 నిమిషాల లోపు పరుగు ఉన్నా, అది అక్కరకు రావాలంటే పరుగు మొదలయ్యేసరికి ముందువారికి అందేంత దూరంలో ఉండాలి. అక్కడి నుంచి టోక్యోలో రజతం, 2024 జులై 31న పారిస్‌లో 1 గంట 43 నిమిషాల 33 సెకన్లతో స్వర్ణం. రెండో స్థానంలోని న్యూజిలాండ్ క్రీడాకారుడు హేడెన్ వైల్డ్‌కు అతనికి ఆరు సెకన్లే తేడా. మొదటి మార్పిడిలో మన అమ్మాయి పోగొట్టుకున్నది సరిగ్గా అన్నే సెకన్లు.

తెలుగు రాష్ట్రాల పిల్లల విషయానికొస్తే, విడివిడిగా సౌకర్యాలు బాగానే ఉన్నాయి. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి ఈతకొలను ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల, సౌర ఫలకాల పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్ ఉంది. విశాఖలో సముద్రమే ఉంది. లేనిది గుంపు. ఒంటరిగా ట్రాక్ మీద గంటన్నర తొక్కే పిల్లకు కాళ్లు బలపడతాయి, పది మంది మధ్య మలుపు తిరగడం రాదు. లేన్ తాళ్ల మధ్య ఈదే పిల్లకు బోయా దగ్గర తోపులాట తెలియదు. పైగా ఇక్కడి పెద్దలు ఎక్కువగా పాల్గొనేది డ్రాఫ్టింగ్ లేని దూరపు పోటీల్లో కాబట్టి, వారి నుంచి పిల్లలకు అందే సలహాలు కూడా గడియారంతో పోటీపడే ఆ మొదటి ఆటకు చెందినవే అవుతాయి.

మన ఉదాహరణలోని అమ్మాయికి తర్వాతి పోటీ నాలుగు వారాల్లో ఉందనుకుందాం. పరుగు పెంచాల్సిన పనిలేదు, ఉన్నది నిలిపితే చాలు. వారంలో రెండు రోజులు కొలనులో తాళ్లు విప్పించి, మధ్యలో ఒక డబ్బా తేలవేసి, ఆరుగురిని ఒకేసారి దాని చుట్టూ తిప్పాలి. ఒక సాయంత్రం ఖాళీ పార్కింగ్ స్థలంలో తడిచేతులతో హెల్మెట్ బకిల్ పెట్టుకోవడం, సైకిలు మీదికి ఎగరడం ముప్పై సార్లు చేయాలి. ఆదివారం నలుగురితో కలిసి, ఒక్కొక్కరు అర నిమిషం చొప్పున ముందుకొస్తూ తొక్కాలి. పోటీ అయ్యాక పట్టిక రాగానే వేలు పెట్టి చూడాల్సింది రెండో గడి చివర, ముందు గుంపు తోకకు ఆమెకు మధ్య మిగిలిన సెకన్లను. 28 కాస్తా 12 అయితే, స్థానం మళ్లీ ఇరవై ఒకటే వచ్చినా, ఆ తర్వాతి పోటీకి ఆమె వేదిక ఎక్కే తీరు మారిపోయే అవకాశం ఉంది.